లెక్కపెట్టకూడని మంద

మొన్న బడి విడిచాక ఆటోలో వస్తుంటే, నా పక్కన ఒక పెద్దాయన గొర్రెపిల్లను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంతకుముందే ఒక జల్లు పడి వెలిసింది. తడిసిన బొచ్చు వాసన, దాని మూతి చుట్టూ ఆరిపోయిన పాల పుల్లటి వాసన, ఆ రెండింటి అడుగున ఎక్కడో ఎండుగడ్డీ పెంటికలూ కలిసిన దొడ్డి వాసన ఆటో నిండా అలుముకున్నాయి. నేను కొత్తవాళ్ళతో మాట కలిపే మనిషిని కాను. బడిలో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు తప్ప నా గొంతు ఎలా ఉంటుందో నాకే సరిగ్గా తెలియదు. చెప్పాలనుకున్నవన్నీ ఇంటికి వచ్చి డైరీలో రాసుకుంటాను. అలాంటిది, నన్ను అడగకుండానే నా నోరు తెరుచుకుని, "దీని తల్లి ఎవరు?" అనేసింది.

ఆయన నన్నూ గొర్రెపిల్లనూ మార్చి మార్చి చూశాడు. "తల్లెవరో నాకేం తెలుసు పాపా, సంతలో తెచ్చినా," అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. నేను సిగ్గుపడిపోయి ఇల్లు ఇంకా రెండు వీధుల దూరం ఉండగానే దిగి నడిచాను. ఆ ప్రశ్న నాది కాదు, మా అవ్వది. మా చిన్నప్పుడు ఏ గొర్రెపిల్ల కనబడినా అవ్వ మొదట అడిగేది అదే. టక్కున జవాబు చెప్పేది మాత్రం నేను కాదు, మా మల్లి. ఆ సంగతి గుర్తుకు రాగానే ఎప్పటిదో పాత అసూయ మళ్ళీ రాజుకుంది.

మల్లి మా చిన్నాయన కూతురు, నాకంటే ఏడాది చిన్నది. మా నాయన మార్కాపురంలో పలకల కార్ఖానాలో పనిచేసేవాడు కాబట్టి మేము టౌనులో ఉండేవాళ్ళం. అవ్వ, చిన్నాయన, చిన్నమ్మ, మల్లి, గొర్రెలు, వీళ్ళంతా కంభం పోయే దారిలో రోడ్డు దిగి మట్టిబాటన నడిస్తే వచ్చే మా ఊళ్ళో ఉండేవాళ్ళు. అంటే మల్లికి అవ్వ ఏడాది పొడుగునా ఉండేది, నాకు సెలవుల్లో మాత్రమే. నాకు టౌను బడి, ఇస్త్రీ గౌను, పుస్తకాల సంచి ఉన్నాయని మల్లి తల్లి అందరికీ చెప్పి మురిసిపోయేది. అవన్నీ తీసుకుని అవ్వ పక్కన మల్లి కూర్చునే ఆ జానెడు చోటు నాకిస్తే చాలని నేను అనుకునేదాన్ని.

ఎండాకాలం సెలవులిచ్చిన మర్నాడే నాయన నన్ను కంభం బస్సు ఎక్కించేవాడు. బస్సు దిగేసరికి పడమటి దిక్కున నల్లమల నీలంగా, వేడికి కరిగిపోతున్నట్టు కదులుతూ కనబడేది. బాట పొడుగునా సర్కారు తుమ్మచెట్ల కంపలో మేకలు ముందుకాళ్ళు ఎత్తి కాయలు అందుకుంటూ ఉండేవి. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు ఊరి మొదట్లోనే తుమ్ములు మొదలయ్యేవి, ఆ తుమ్ములు విని చిన్నమ్మ వాకిట్లోంచే "మార్కాపురం పిల్ల వచ్చిందిరో" అని కేకేసేది. మధ్యాహ్నాలు సజ్జ సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పోసిన మజ్జిగ, నంజుకోను పచ్చి ఉల్లిగడ్డ, తిన్నాక రాలిన వేపపూత మీదే పడుకుంటే వీపుకు అంటుకునే ఆ సన్నటి చేదు వాసన. మా ఊరి పిల్లలకు తొక్కుడుబిళ్ళకు పెంకు వెతుక్కునే పని లేదు. చుట్టుపక్కల రాయి తవ్విన గుంతల దగ్గర పలకరాయి ముక్కలు నల్లగా, నున్నగా, అరచేతికి సరిపడా గుట్టలు పడి ఉండేవి. నా బిళ్ళ ఎప్పుడూ గీత మీద పడేది. మల్లి బిళ్ళ గడి నడుమ కూర్చునేది.

ఆటల్లో ఓడిపోవడం నాకు అంత బాధగా ఉండేది కాదు. అవ్వ ముందు ఓడిపోవడమే బాధ.

అవ్వకు చదువు రాదు. సంతకం కూడా బొటనవేలే. కానీ ఆమె తలలో ఉన్నంత సరుకు మా బడి గ్రంథాలయంలో లేదని నాకు అప్పుడే అనుమానం. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, వేపపుల్ల నోట్లో ఒక పక్కకు నెట్టి, నిన్నటి రోజును చివర నుంచి మొదటికి తిరగేసుకునేది: నిన్న పొద్దుగూకేటప్పుడు ఎవరు వచ్చారు, దానికి ముందు ఏం వండాం, దానికి ముందు బావి దగ్గర ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారు, దానికి ముందు గాలి ఏ దిక్కు నుంచి వీచింది. తొలేకాదశికి కూడా నేను ఊరికి వెళ్ళేదాన్ని; ఆ పూట జొన్నలు వేయించి బెల్లంతో దంచే పేలపిండిని కూడా ఆమె ఊరికే పెట్టేది కాదు. రోకలి ఆపి, "పోయినేడు ఈ పిండి దంచేటప్పుడు ఈడ ఎవురెవురు కూసున్నారో చెప్పండే. ముందు చెప్పినోళ్ళకు తొలి పిడికిలి," అనేది. వేడి పిండి వాసనకు నోరూరి, నేను ఇంకా కళ్ళు మూసుకుని ఆలోచిస్తుండగానే మల్లి గబగబా నాలుగు పేర్లు చెప్పేసి, చివరికి "ఆ మూల మన నల్లకుక్క" అని కూడా చేర్చేది. తొలి పిడికిలి దానిదే. రెండో పిడికిలిలో అంతే బెల్లం ఉంటుందని తెలిసినా నాకు అది చప్పగా తగిలేది.

"అంత కష్టపడి గుర్తుపెట్టుకునేది ఎందుకు అవ్వా, రాసుకుంటే పోలే?" అని ఒకసారి అడిగాను.

అవ్వ నా వైపు జాలిగా చూసింది. "తలకాయ కూడా దొడ్డేనే. పొద్దున తెరవాల, మాపున మూయాల. తెరవకపోతే లోపలివి లోపలే చస్తాయి. మూయకపోతే ఉన్నవి పోతాయి. ముసలిదాన్ని అయినా నాది ఇంకా బాగుండాదంటే, రోజూ తెరిచి మూస్తన్నా గనక. నువ్వు రాసి పుస్తకం మూస్తావు. దొడ్డి మూసినట్టా అది?"

అసలు దొడ్డి మూయడం మా ఇంట్లో ఒక పూజలాంటిది. సాయంత్రం చిన్నాయన మందను తోలుకొచ్చేసరికి ఎర్రటి దుమ్ము ముందు వచ్చేది, తర్వాత అరుపులు, ఆ తర్వాత గొర్రెలు. కంప దడికి ఉన్న సందు దగ్గర అవ్వ చీరకొంగు నడుముకు చుట్టి నిలబడేది. గొర్రెలను లెక్కపెట్టకూడదు. లెక్కపెడితే మంద తగ్గుతుందని మా వాళ్ళ నమ్మకం. ఎన్ని ఉన్నాయని ఎవరైనా అడిగితే "ఉండాయి, దేవుడిచ్చినన్ని" అని మాట దాటేసేవాళ్ళు. అందుకే మా మందలో ఎన్ని ఉండేవో ఆ ఇంట్లో ఎవరూ నోటితో అన్నది నేను వినలేదు. లెక్కకు బదులు అవ్వ వరస చెప్పేది. సందులోంచి దూరే ఒక్కో గొర్రె ముఖం చూసి, దాని పేరు, దాని తల్లి పేరు. అన్నీ దూరాక, ముఖాలు చూడకుండా, కళ్ళు మూసుకుని ముసలి గొర్రె దగ్గర నుంచి మళ్ళీ మొత్తం చెప్పేది. కర్రి కూతురు చుక్క. చుక్క కూతుళ్ళు ఇద్దరు, వానది, చెవిటి బొల్లి. వానది కూతురు రైలుది. అది దొనకొండ దగ్గర రైలు కట్ట మీద పుట్టింది కాబట్టి ఆ పేరు. ఆ రెండో వరసలో ఏ పేరు దగ్గర నాలుక ఆగితే ఆ గొర్రె రాలేదన్నమాట. వరస అయ్యాకే కంప లాగి దొడ్డి మూసేవాళ్ళు. దొడ్డి మూసేదాకా అవ్వ కూడు ముట్టేది కాదు, ఎంత ఆకలైనా, జ్వరమొచ్చినా.

అవ్వ పక్కన నిలబడి, ఆమె ఊపిరి తీసుకునేటప్పుడు తర్వాతి పేరు అందించే పని మల్లిది. తొమ్మిదేళ్ళకే దానికి వరస మొత్తం వచ్చు. ముఖాలన్నీ వచ్చు. నాకు గొర్రె ముఖాలన్నీ ఒకేలా కనిపించేవి. తెల్లవి, నల్లవి, మచ్చలవి అని మాత్రం తెలిసేది. ఒకరోజు ధైర్యం చేసి "నేను చెప్తా" అని ముందుకెళ్ళి, చుక్కను చూసి రైలుది అన్నాను. చిన్నాయన పడీ పడీ నవ్వాడు. "పాపం, అది రైలు చూసిందే గాని గొర్రెను యాడ చూసింది," అన్నాడు. అవ్వ కూడా నవ్వింది. మల్లి నవ్వలేదు, నా చెవిలో "దానికి ఎడమ కంటి పక్కన చుక్క ఉంటాది అక్కా, చూడు" అంది. ఆ దయ నవ్వుకంటే ఎక్కువగా కాల్చింది.

ఆ రోజు నుంచి నేను దొంగతనంగా నోట్‌బుక్కులో వరస రాయడం మొదలుపెట్టాను. అవ్వ చెప్పేటప్పుడు దడి వెనక కూర్చుని, పెన్సిలుతో, తల్లి కింద కూతురు, కూతురి కింద మనవరాలు. రెండు సెలవుల్లో పుస్తకం నిండింది. నిండాక ఇంకో పని కూడా చేశాను. ప్రతి పేరు ముందూ వరసగా అంకె వేశాను. ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంఖ్య నా దగ్గర ఉందని, రాత్రిపూట తలగడ కింద ఆ పుస్తకాన్ని తడుముకుని సంతోషించేదాన్ని.

నాకు పదకొండేళ్ళప్పుడు, వేసవి చివర్లో, గిద్దలూరులో అవ్వ చెల్లెలి మనవరాలికి పేరు పెడుతున్నారని అవ్వ వెళ్ళాల్సి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి వస్తుంది. బయలుదేరేముందు సంచి భుజానికి వేసుకుని, "మాపున సందుకాడ మల్లి నిలబడతాది," అంది. నేను అక్కడే ఉన్నాను. పెద్దదాన్ని నేను. అవ్వ నా మొహం చూసి కాబోలు, "నువ్వు దానికి తోడుండు నాయనా" అని తల నిమిరి వెళ్ళిపోయింది. తోడు అనే మాటను నేను ఆ రోజంతా నమిలాను.

ఆ సాయంత్రం గాలిదుమారం లేచింది. చిన్నాయన మందను తొందరగా తోలుకొచ్చాడు. నీళ్ళ దగ్గర పక్కూరి మంద కూడా ఉండిందట, అదీ ఇదీ కాసేపు కలిసిపోయి విడిపోయాయట. మల్లి సందు దగ్గర, అవ్వలాగే కొంగు లేకపోయినా ఓణీ ముక్క నడుముకు చుట్టుకుని నిలబడింది. నేను దడికి అవతల, నోట్‌బుక్కు వెనక దాచుకుని, పేర్లు వినకుండా ఒక్కోటి దూరినప్పుడల్లా వేలు మడిచి లెక్కపెట్టుకుంటున్నాను. దాదాపు అన్నీ దూరాక మల్లి ఆగింది.

"చెవిటి బొల్లి రాలేదు," అంది.

చెవిటి బొల్లికి ఈల వినపడదు, ఎప్పుడూ వెనకబడేది. పైగా ఆ రోజుల్లో నిండు చూలుతో ఉంది. అప్పుడే చివరి గొర్రెలు తోసుకుని దూరాయి. నా వేళ్ళ మీద సంఖ్య సరిగ్గా సరిపోయింది.

"వచ్చింది. నేను చూసినా," అన్నాను.

"నేను చూళ్ళేదే అక్కా."

"నువ్వు మాట్లాడతా ఉంటే దూరింది. అన్నీ నీకే కనపడాల్నా?"

మల్లి దుమ్ములోకి చూసింది, నా వైపు చూసింది. నేను దాని అక్కను, టౌను బడిలో చదివేదాన్ని. "యాందే, మూసేదా?" అని చిన్నాయన అరిచాడు. మల్లి కళ్ళు మూసుకుని రెండో వరస మొదలుపెట్టింది. చెవిటి బొల్లి దగ్గర నాలుక ఒక్క క్షణం ఆగింది, ఆగి దాటింది. "మూయి నాయనా," అంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఎంతటిదో నాకు ఇప్పటికీ గుర్తుంది. మల్లి నాలుక నా నోటి మాటతో దాటింది.

తెల్లవారాక దొడ్డిలో ఒక పరాయి గొర్రె కనబడింది, చెవికి వేరే గుర్తుతో, బిత్తరపోయి ఒక మూల నిలబడి. పక్కూరి మందలోది. అది మా మందలోకి వచ్చింది కాబట్టే నా సంఖ్య సరిపోయింది. చెవిటి బొల్లిని పలకరాయి తీసి వదిలేసిన గుంత అడుగున చూశారు. వెనకబడి, దుమారంలో దారి తెలియక పడిపోయింది. కడుపులో పిల్లతో సహా.

మధ్యాహ్నం బస్సు దిగిన అవ్వకు ఇంటికి రాకముందే దారిలో ఎవరో చెప్పేశారు. ఆమె సంచి కూడా దించకుండా సందు దగ్గరకు వచ్చి నిలబడింది. "వరస చెప్పింది ఎవురు?"

"నేనే," అంది మల్లి.

"పరాయి దాని మొగం నీకు తెలియకుండా పోయిందా? నీకా?"

మల్లి ఒక్కసారి నా వైపు చూసింది. నేను చెబుతానేమోనని చూసింది. నేను వేపచెట్టు మొదట్లో చీమల బారును చూస్తూ నిలబడ్డాను. మల్లి తల దించుకుని, "మరిచిపోయినా అవ్వా," అంది.

అవ్వ తిట్టలేదు, కొట్టలేదు. ఆ సాయంత్రం నుంచి సందు దగ్గర ఒంటరిగా నిలబడింది, అంతే. మల్లి కూడా దగ్గరికి వెళ్ళలేదు. ఆ జానెడు చోటు ఖాళీ అయింది. నన్ను పిలుస్తుందని మిగిలిన సెలవులన్నీ ఎదురుచూశాను, పిలవలేదు. పేలపిండి దంచేటప్పుడు అవ్వ ఆ ఏడు ప్రశ్న అడగనే లేదు. పిండి అందరికీ సమానంగా పంచింది, ఎవరికీ తొలి పిడికిలి లేదు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, గత రెండేళ్ళుగా అవ్వ మా ఇంట్లోనే ఉంటోంది. చిన్నాయన గొర్రెలు అమ్మేసి టిప్పరు తోలుకుంటున్నాడు. మల్లి పెళ్ళై కురిచేడులో ఉంది, మిషను కుట్టుకుంటోంది. అవ్వకు ఎనభై దాటినట్టే. వచ్చిన కొత్తలో బాగానే ఉండేది, తర్వాత పాలు పొయ్యి మీద పెట్టి మరవడం, ఉప్పు రెండుసార్లు వేయడం మొదలయ్యాయి. మార్కాపురంలోనే ఒక డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. "ఇవాళ ఏ వారం అవ్వా?" అని ఆయన అడిగాడు.

"సంతకు పోయేది లేదు, ఏ వారమైతే ఏంది?" అంది అవ్వ.

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు?"

"ఉండారు, దేవుడిచ్చినంత మంది."

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంటుంటే అవ్వకు పౌరుషం వచ్చింది. కళ్ళు మూసుకుని కర్రి దగ్గర నుంచి అందుకుంది. కూతురు, మనవరాలు, మునిమనవరాలు, ఆగకుండా. డాక్టరు పెన్ను దించేశాడు. "ఇంత పెద్ద కుటుంబమా?" అన్నాడు. "గొర్రెలు సార్," అన్నాను నేను. ఆయన నవ్వి, తర్వాత నవ్వు ఆపి, దీన్ని పోనివ్వకండి, రోజూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని వినండి, తప్పితే అందించండి, కొంచెం నడిపించండి, నలుగురితో మాట్లాడనివ్వండి, ఊరికే టీవీ ముందు కూర్చోబెట్టకండి అని చెప్పాడు. వెళ్ళేటప్పుడు, "నాకు నిన్న ఏం తిన్నానో గుర్తుండదు," అని తనలో తాను అనుకున్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను. నా డైరీలో పదేళ్ళ రోజులున్నాయి. పుస్తకం తెరిస్తే తప్ప అందులో ఒక్క రోజూ నా దగ్గరకు రాదు.

ఆ పక్కన కూర్చునే పని నేను పట్టుకున్నాను. పాత నోట్‌బుక్కు పెట్టె అడుగు నుంచి తీశాను. బడి నుంచి రాగానే ముఖం కడుక్కుని అవ్వ మంచం పక్కన కూర్చునేదాన్ని, అవ్వ ఊపిరి తీసుకునేటప్పుడు పేరు అందించేదాన్ని. మల్లి ఫోను చేసి "అవ్వ ఎట్లుంది అక్కా?" అని అడిగితే "బాగుంది" అని మాత్రం చెప్పేదాన్ని, వరస సంగతి చెప్పలేదు. పదిహేనేళ్ళకు దొరికిన చోటు, మళ్ళీ ఎందుకు పంచుకోవాలి?

కానీ ఈ ఏడు అవ్వ నాలుక ఒకచోట ఇరుక్కుంది. చుక్క కూతుళ్ళు ఇద్దరు, వానది, చెవిటి బొల్లి, అనగానే ఆగిపోయేది. "అది రాలే. వచ్చిందని మల్లి చెప్పె. పరాయిదాని మొగం మల్లికి తెలియకుండా పోతాదా?" అని నన్నే అడిగేది. మళ్ళీ కర్రి దగ్గరకు వెళ్ళేది, మళ్ళీ అక్కడే ఆగేది. నాలుగుసార్లు, ఐదుసార్లు. వరస కాలేదు కాబట్టి దొడ్డి మూయలేదు, దొడ్డి మూయలేదు కాబట్టి కంచం ముట్టేది కాదు. అమ్మ బతిమాలేది: "అన్నీ వచ్చినాయి అత్తా, తిను."

"ఎవురు చూసినారు?"

"నేనే చూసినా."

"నువ్వేం చూసినావు, మీ పుట్టింట్లో కోళ్ళు గూడా లేవు," అనేది అవ్వ. అమ్మ నవ్వుతూ లోపలికి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది. నెల తిరిగేసరికి అవ్వ చేతి గాజులు మోచేతి దాకా జారిపోసాగాయి.

ఒక సాయంత్రం అన్నం కలిపి ముద్ద పట్టుకుని, ఎలాగైనా తినిపించాలని, "చెవిటి బొల్లి వచ్చింది అవ్వా, నేను..." అన్నాను. మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది. అదే మాట, అదే గొంతు. అప్పుడు మల్లిని దాటించింది, ఇప్పుడు అవ్వను దాటిస్తుంది. అవ్వ నా నోటి వైపే చూస్తోంది, ఆశగా.

ముద్ద కంచంలో పెట్టేశాను. "అవ్వా, ఆ పొద్దు వచ్చిందని చెప్పింది మల్లి కాదు. నేను. మల్లి రాలేదనే చెప్పింది. నేను లెక్కబెట్టినా, సరిపోయింది, అందుకని చూసినానని అబద్ధం చెప్పినా."

అవ్వ కంచం పక్కకు నెట్టింది. తర్వాత నెమ్మదిగా, "లెక్కబెట్టినావా?" అంది. "గొర్రెలనా?"

"ఊఁ."

"ఎవురే నీకు నేర్పిచ్చింది?" ఆ గొంతులో కోపం విని ఎన్నాళ్ళైందో. అబద్ధం కంటే ఆమెకు అదే పెద్దగా తగిలింది. తర్వాత ఏదో సర్దుకున్నట్టు ముఖం మారింది. "అయితే మల్లి మరిచిపోలే."

"మరిచిపోలే."

"దానికి చెప్పినావా?"

"లేదవ్వా."

"చెప్పు. చెప్పి పిలిపియ్యి. సందుకాడ అది నిలబడాల."

నేను వంటింట్లోకి వెళ్ళి ఫోను చేశాను. ఫోనులో మిషను చప్పుడు వినిపిస్తోంది, నేను చెబుతుండగా మధ్యలో అది ఆగిపోయింది. చెప్పడం అయిపోయాక మల్లి అంది: "అక్కా, ఆ పొద్దు నుంచి నేను దేన్నీ నమ్మలే. తాళం వేసి బజారు దాకా పోయి, వేసినానో లేదో అని మళ్ళీ వస్తా. జాకెట్టు కొలత నోటికి వచ్చినా, చీటీ తీసి చూస్తే గాని కత్తెర పట్టను. మా అత్త నవ్వుతాది. నా తలకాయే అంత అనుకున్నా."

"మల్లీ..."

"ఇప్పుడు నిన్నేమనాల్నో నాకు తెలియడంలే. ఆదివారం వస్తా. నీకోసరం కాదు, అవ్వకోసరం." ఫోను పెట్టేసింది.

ఆదివారం పొద్దున పాసింజరు రైల్లో వచ్చింది, చెప్పినట్టే. నాతో మాట్లాడకుండా కాళ్ళు కడుక్కుని నేరుగా అవ్వ మంచం మీద కూర్చుంది. అవ్వ దాని చెంపలు రెండు చేతులతో తడిమి, "నువ్వు మరిచిపోలేదంట గదే," అంది. మల్లి తల ఊపింది, ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ మొదలుపెట్టారు. నేను గడప దగ్గర నోట్‌బుక్కు తెరిచి కూర్చున్నాను. కర్రి, చుక్క, వానది. అవ్వ నాలుక ఆగింది.

"చెవిటి బొల్లి," అంది మల్లి. "అది రాలేదవ్వా. గుంతలో పడింది. ఆడికి దాని వరస అయిపోయింది."

"ఊఁ. ఆడికి అయిపోయింది," అంది అవ్వ, దాటింది. రైలుది, రైలుదాని కూతుళ్ళు, వాటి కూతుళ్ళు. ఇద్దరి గొంతులూ ఒకదాని మీద ఒకటి పడుతూ పరిగెత్తాయి, ముఖాల గురించి ఏవో జోకులు, ఎవరిదో వంకర కొమ్ము, ఎవరిదో దొంగబుద్ధి. నా పుస్తకంలో పేజీలు అయిపోయాయి. వాళ్ళు ఇంకా చెబుతూనే ఉన్నారు, నేను రాయడం ఆపేశాక పుట్టినవి, నేను ఒక్కటీ అందించలేనివి. పదిహేనేళ్ళు తన తలను తాను నమ్మని మనిషి ఒక్క పేరు కూడా పోగొట్టుకోలేదు. నాకు సంతోషం వేయాలి. వేసింది కూడా, కానీ దానికంటే ముందు ఎప్పటిలాగే ఆ పాత అసూయే లేచింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

"ఇంకేమన్నా మిగిలినాయా?"

"లేవవ్వా, మూయొచ్చు."

అవ్వ కంచం అడిగింది, రెండోసారి కూడా పెట్టించుకుంది. "అక్కా, నేను పోయినాక రోజూ వినేది నువ్వే గదా, నువ్వు గూడా నోటికి నేర్చుకో," అంది మల్లి, ఆ రోజు నాతో అన్న మొదటి మాట. అవ్వ బోసినోటితో పకపకా నవ్వింది. "దానికి ఎట్ల వస్తాది? అది లెక్కబెడతాది," అంది. మల్లి నవ్వింది. నేనూ నవ్వాను.

అది జరిగి కొన్ని నెలలైంది. అవ్వ తింటోంది. మల్లి నెలకోసారి వస్తుంది. నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది, అది న్యాయమే. మిగతా రోజులు నేను వింటాను, పుస్తకం లేకుండా. పేర్లు చాలావరకు వచ్చాయి. మా ఊళ్ళో దొడ్డి ఉన్నచోట ఇప్పుడు చిన్నాయన టిప్పరు నిలబెడుతున్నాడు, కంప దడి లేదు, గుంతను పూడ్చేశారు, పేలపిండి కూడా ఎవరూ దంచడం లేదు, ప్యాకెట్లలో దొరుకుతోందట. ఆ మందలో ఒక్క గొర్రె కూడా ఇప్పుడు లేదు, ముఖాలతో సహా వాటి వరస తెలిసిన మనుషులు ఇద్దరే మిగిలారు. సాయంత్రం వెలుతురు కిటికీ దిగుతుండగా అవ్వ కళ్ళు మూసుకుని "చుక్క" అంటుంది. అనేటప్పుడు ఆమె ముఖంలో ఏదో కదులుతుంది, ఎవరో దగ్గరివాళ్ళు వాకిట్లోకి వచ్చినట్టు. ఆమెకు ఏదో కనిపిస్తుంది. నాకు రెండు అక్షరాలు వినిపిస్తాయి.